చెరసాల ఎవరికి మేలు? డాక్టర్ పట్టాభి జీవితం చెప్పే పాఠం

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, హంసలదీవికి పొరుగున పాలకాయతిప్ప ఉంది. కృష్ణా జిల్లా కోడూరు మండలంలో, వేట మీద ఆధారపడి బతికే కుటుంబాలున్న తీరగ్రామం అది. ఆ మధ్య మేము అటు వెళ్లినప్పుడు, వలలు బాగుచేసుకుంటున్న కొందరి మధ్య ఒక విషయం నలుగుతోంది. తెలిసినవాళ్ల కుర్రవాడొకడు ఏదో కొట్లాట కేసులో కొన్ని నెలలు సబ్‌జైల్లో ఉండి వచ్చాడట. అతణ్ణి మళ్లీ పడవ ఎక్కించుకోవాలా, వద్దా అన్నది వారి చర్చ. జైలు కూడు తిన్నాడు కాబట్టి బుద్ధి వచ్చి ఉంటుందని కొందరన్నారు. అక్కడ ఎవరెవరితోనో కలిసి ఉంటాడు, ఉన్న బుద్ధి కూడా పోయి ఉంటుందని మరికొందరన్నారు. చివరికి ఒక పెద్దాయన మావైపు తిరిగి, చదువుకున్నవారు మీరేమంటారని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. నిజానికి ఆ ప్రశ్న ఒక్క కుర్రవాడిది కాదు. జైలు వల్ల సమాజానికి మేలు జరుగుతోందా? అందులో ఉన్న మనిషికి మేలు జరుగుతోందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ వస్తుంటే, అదే తీరం వెంట ఉన్న మచిలీపట్నంలో స్థిరపడి, పలుమార్లు జైలుకు వెళ్లి వచ్చిన ఒక పెద్దమనిషి జీవితం గుర్తుకొచ్చింది. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

బందరులో స్థిరపడిన డాక్టరు

పట్టాభి 1880 నవంబరు 24న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. వారిది పేద కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి కష్టపడి పిల్లలను చదివించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టా పుచ్చుకుని, ఆపైన వైద్యవిద్య పూర్తిచేసి, ఆయన మచిలీపట్నంలో వైద్యవృత్తి మొదలుపెట్టారు. చేతి నిండా సంపాదన వచ్చే వృత్తి అది. అయినా దేశసేవ కోసం ఆ వృత్తినే వదులుకున్నారు.

ఆయన పని కేవలం ఉపన్యాసాలతో ఆగలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు పాటుపడ్డారు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రిక ప్రారంభించారు. రైతులు వడ్డీ వ్యాపారుల చేతుల్లో చితికిపోకూడదని సహకార బ్యాంకు ఉద్యమంలో ముందు నిలిచారు. 1923లో మచిలీపట్నంలోనే ఆంధ్రా బ్యాంకును నెలకొల్పారు. దాదాపు వందేళ్లు ఆ పేరుతో నడిచిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

ఈ సంగతులు ఎందుకు చెబుతున్నామంటే, జైలు గోడల లోపలికి అడుగుపెట్టేనాటికి ఆయన ఎలాంటి మనిషో పాఠకులు గుర్తుంచుకోవాలి. చదువు ఉంది. వృత్తి ఉంది. ఊళ్లో గౌరవం ఉంది. తన కోసం ఎదురుచూసే ఇల్లు, స్నేహితులు, సంస్థలు ఉన్నాయి. అన్నిటికీ మించి, తాను తప్పు చేయలేదన్న నమ్మకం ఉంది.

ఉప్పు తెచ్చిన శిక్ష

1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండి తీరంలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. అప్పట్లో సముద్రం ఒడ్డున ఉన్నవాడు కూడా తన కూటికి కావలసిన ఉప్పు తాను చేసుకోరాదు. ఉప్పు మీద అధికారం సర్కారుది, దాని మీద పన్ను జనానిది. ఈ అన్యాయాన్ని ఎదిరిస్తూ పట్టాభి వాలంటీర్లను వెంటబెట్టుకుని మచిలీపట్నం సమీప తీరానికి వెళ్లి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. ప్రభుత్వం ఆయనకు ఒక సంవత్సరం జైలుశిక్ష విధించింది.

శిక్ష వేసేవారి ఉద్దేశం ఏమిటి? మనిషి భయపడాలి, మళ్లీ ఆ పని చేయకూడదు, అతణ్ణి చూసి ఇంకొకరు కూడా భయపడాలి. కాని ఏం జరిగింది? విడుదలై వచ్చిన పట్టాభి 1932లో మళ్లీ జైలుకు వెళ్లారు. 1933లో మరోసారి వెళ్లారు. 1942లో ఇంకోసారి వెళ్లారు. ఆయనను చూసి జనం భయపడలేదు సరికదా, వెనకాల నడిచారు.

దీన్నిబట్టి మనకు ఒక విషయం అర్థమవుతుంది. జైలు మనిషి శరీరాన్ని ఆపగలదు కాని అతని మనసులో ఉన్నదాన్ని తీసివేయలేదు. లోపలికి ఏది తీసుకువెళ్తాడో, చాలాసార్లు అదే పెరిగి బయటికి వస్తుంది. నమ్మకంతో వెళ్లినవాడి నమ్మకం గట్టిపడుతుంది. కసితో వెళ్లినవాడి కసి పెరుగుతుంది. కాబట్టి జైలు మంచిదా, చెడ్డదా అని అడిగే ముందు, లోపల ఉన్న రోజుల్లో ఆ మనిషిలో ఏది పెరగడానికి మనం వీలు కల్పిస్తున్నాం అని అడగాలి.

అహ్మద్‌నగర్ కోటలో పన్నెండుగురు

1942 ఆగస్టు 9 తెల్లవారుజామున, క్విట్ ఇండియా తీర్మానం జరిగిన కొద్ది గంటలకే, బొంబాయిలో కాంగ్రెసు నాయకులను అరెస్టు చేశారు. కార్యవర్గ సభ్యుల్లో పన్నెండు మందిని అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. వారిని ఎక్కడ ఉంచిందీ ప్రజలకు చెప్పలేదు. మొదట్లో పత్రికలు కూడా ఇవ్వలేదు. విచారణ లేదు, ఎన్నాళ్లు ఉండాలో తెలియదు. ఆ పన్నెండుగురిలో కాంగ్రెసు అధ్యక్షులు మౌలానా అబుల్ కలాం ఆజాద్, జవహర్‌లాల్ నెహ్రూ, సర్దార్ పటేల్, ఆచార్య నరేంద్రదేవ్, ఆసఫ్ అలీ, డాక్టర్ సయ్యద్ మహమూద్ ఉన్నారు. బందరు నుంచి వెళ్లిన పట్టాభి ఉన్నారు. అప్పటికి ఆయన వయస్సు 61 దాటింది.

అంత పెద్ద వయస్సులో సుమారు మూడేళ్ల నిర్బంధం ఎవరికైనా నరకమే. కాని వారు ఆ కోటను ఒక పాఠశాలగా మార్చుకున్నారు. ఒకరికి సంస్కృతం తెలుసు, ఒకరికి అరబ్బీ, పార్సీ తెలుసు, ఒకరికి చరిత్ర తెలుసు. తెలిసినవారు తెలియనివారికి చెప్పారు. నెహ్రూ తన డిస్కవరీ ఆఫ్ ఇండియా గ్రంథాన్ని 1944లో అక్కడే రాశారు. తోటి ఖైదీలతో జరిపిన చర్చలు దానికి ఎంతో ఉపకరించాయి. పట్టాభి కూడా కలం పట్టారు. ఆ నిర్బంధంలో ఆయన రాసుకున్నది ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పేరుతో 1946లో అచ్చయింది. అంతకు ముందు 1935లో కాంగ్రెసు చరిత్ర రాసిన చేయి, కోట గోడల మధ్య కూడా ఖాళీగా కూర్చోలేదు.

మౌలానా ఆజాద్ సంగతి మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అంతకు ముందు 1916 నుంచి 1919 చివరి దాకా ఆయనను రాంచీలో నిర్బంధించి ఉంచారు. ఊరు దాటి వెళ్లే వీలు లేని ఆ రోజుల్లోనే, 1917లో ఆయన అక్కడ మదరసా ఇస్లామియాను స్థాపించారు. అంటే, తనను బంధించి ఉంచిన ఊరికే చదువును కానుకగా ఇచ్చారు. అహ్మద్‌నగర్‌లో ఉండగా ఒక మిత్రునికి ఉత్తరాల రూపంలో తన మనసును రాసుకున్నారు. పోస్టుకు వేసే వీలు లేని ఆ ఉత్తరాలే తర్వాత గుబారె ఖాతిర్ అనే ప్రసిద్ధ ఉర్దూ గ్రంథమయ్యాయి. తన గదిలో గూడు కట్టిన పిచ్చుకలను మచ్చిక చేసుకున్న కథ కూడా అందులో ఉంది.

అయితే ఇదంతా చదివి, జైలు ఎంత చక్కని చోటు అనుకుంటే పొరపాటు. 1943 ఏప్రిల్‌లో ఆజాద్ సతీమణి జులేఖా బేగం కలకత్తాలో కన్నుమూశారు. భర్త ఆమెను చివరిచూపు చూడలేకపోయారు. అందుకోసం ప్రభుత్వాన్ని వేడుకోవడానికి ఆయన ఇష్టపడలేదు. గ్రంథాలు పుట్టినా, ఇంట్లో జరిగిన నష్టం నష్టంగానే ఉండిపోయింది. ఖైదు శిక్ష ఖైదీ ఒక్కడికే పడదు. బయట ఉన్న భార్యకు, తల్లికి, పిల్లలకు కూడా పడుతుంది. ఈ మాట మరచిపోయి జైలు గురించి ఏ తీర్పు ఇచ్చినా అది సగం తీర్పే.

మేలు చేసింది గోడలు కావు

1945లో విడుదలైన తర్వాత పట్టాభి రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయిన కాంగ్రెసు అధ్యక్ష పదవి 1948లో ఆయనను వరించింది. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న మరణించారు. ఒకనాడు సర్కారు ఖైదీ అయినవాడు మరొకనాడు సర్కారు ప్రతినిధిగా ఒక రాష్ట్రాన్ని చూసుకున్నాడు. జైలుకు వెళ్లి వచ్చినందుకు ఎవరూ ఆయనను వాకిట్లో నిలబెట్టలేదు.

మరి ఆయనకు జైలు మేలు చేసిందా? ఆలోచిస్తే మేలు చేసినవి మూడు కనిపిస్తాయి. మొదటిది, చేతికి పని. చదవడానికి పుస్తకం, రాయడానికి కాగితం ఉన్నాయి. రెండవది, మంచి సహవాసం. పక్క గదిలో ఆజాద్, ఎదుటి గదిలో నరేంద్రదేవ్ లాంటి వారు ఉంటే ఏ మనిషికైనా ఎంతో కొంత జ్ఞానం అబ్బుతుంది. మూడవది, తిరిగి వస్తే తెరుచుకునే తలుపు. బందరులో ఆయన కోసం జనం ఎదురుచూశారు.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా గోడలు ఇచ్చింది కాదు. గోడలు ఉన్నా ఇవి మిగిలాయి కాబట్టి ఆయన నిలిచారు. ఆ కాలంలోనే 1930 దశకపు జైళ్లలో ఖైదీలను ఎ, బి, సి అని తరగతులుగా విడదీసేవారు. చదువు, హోదా ఉన్నవారికి పై తరగతులు దక్కేవి. అదే సత్యాగ్రహంలో పాల్గొన్న అనేకమంది సామాన్య వాలంటీర్లు సి తరగతిలో మామూలు ఖైదీల తిండి తిని, మామూలు ఖైదీల చాకిరీ చేశారు. వారు రాసిన గ్రంథాలు మన దగ్గర లేవు. జైలు మహానుభావులను తయారుచేస్తుందని చెప్పేవారు ఈ పేరులేని వారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఏమీ లేనివాడి జైలు

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2022 సంవత్సరాంతానికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ జైళ్లు పట్టేది 4,36,266 మందికి. అంటే వంద మంది ఉండవలసిన చోట 131 మంది ఉన్నారు. అంతకంటే ఆలోచించవలసిన విషయం, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురికి ఇంకా ఏ శిక్షా పడలేదు.

ఇలాంటి వారిలో ఎక్కువమంది పేదలు. బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయేవారూ ఉన్నారు. వారి చేతికి పని ఉండదు. శిక్ష పడినవారికి జైల్లో ఏదో ఒక పని నేర్పుతారు కాని విచారణ ఖైదీకి రోజంతా ఖాళీయే. సహవాసం ఎలాంటిది దొరుకుతుందో అతని అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. తొలిసారి కొట్లాటలో ఇరుక్కున్న కుర్రవాడు, దొంగతనాల్లో ఆరితేరినవాడు ఒకే బ్యారక్‌లో పడుకుంటే ఎవరు ఎవరికి గురువవుతారో వేరే చెప్పాలా? ఇక బయటికి వస్తే తలుపు తెరిచేవారు తక్కువ. పట్టాభికి ఉన్న మూడూ ఇతనికి లేవు. అలాంటప్పుడు అదే జైలు ఇతనికి మేలు చేస్తుందని ఎలా ఆశించగలం?

అలాగని జైళ్లే వద్దని మేము అనడం లేదు. హత్యలు, అత్యాచారాలు చేసేవారిని విచ్చలవిడిగా వదిలేస్తే సమాజం బతకదు. అన్యాయమైపోయిన కుటుంబానికి న్యాయం దక్కకపోతే, అది తానే కత్తి పట్టుకుంటుంది. దుర్మార్గుణ్ణి ఆపడం, బాధితునికి ధైర్యమివ్వడం, పగల పరంపరను తెంపడం, ఇవి జైలు వల్ల సమాజానికి కలిగే మేళ్లు. కాని ఆ మేలు శిక్షాకాలం ముగిసేదాకే. ఏదో ఒకరోజు అతను బయటికి వస్తాడు. ఆ రోజు ఎలాంటివాడు వస్తున్నాడన్నదే సమాజానికి అసలు లాభం, అసలు నష్టం.

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. అనంతపురంలో ఖైదీలు వ్యవసాయం చేసే ఆరుబయలు జైలు ఉంది. తెలంగాణ జైళ్ల శాఖ ఖైదీలతో పెట్రోలు బంకులు నడిపించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరానికీ దోషిగా తేలని విచారణ ఖైదీ, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బాండు మీద విడుదల పొందడానికి అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవారికి ఇది వర్తించదు. ఈ సంగతి తెలియక ఎదురుచూస్తున్న కుటుంబాలు ఎన్నో.

ధర్మం చూపిన దారి

దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ మనందరికీ తెలుసు. నిర్దోషి అయి కూడా ఆయన చెరసాలలో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడ తోటి ఖైదీలు ఇద్దరికి దైవం ఒక్కడేనని బోధించారు. రాజు పిలిపించినప్పుడు, తనపై పడిన నింద తొలగిపోయేదాకా బయటికి రావడానికి ఒప్పుకోలేదు. బయటికి వచ్చాక, దేశపు ధాన్యాగారాలను ఆయనకే అప్పగించారు. చెర నుంచి వచ్చినవాడన్న కారణంతో ఆ రాజు ఆయనను దూరం పెట్టి ఉంటే, కరవు కాలంలో ఎందరు ఆకలితో పోయేవారో!

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల విషయం కూడా గుర్తుచేసుకుందాం. పరిహారం చెల్లించలేని వారిలో చదువు వచ్చినవారు, మదీనాలో పదిమంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే చాలు, విడుదల అవుతారని దైవప్రవక్త (సఅసం) నిర్ణయించారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఖైదీకి విముక్తి, పిల్లలకు చదువు. చెర వల్ల ఇరుపక్షాలకూ మేలు కలిగే మార్గం ఇంతకంటే సులభంగా ఎవరు చూపగలరు?

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) ఖాజీ పదవిని నిరాకరించి ఖలీఫా ఆగ్రహానికి గురై, హిజ్రీ 150లో బాగ్దాదు చెరలోనే మరణించారని చరిత్రకారులు రాశారు. ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ తర్వాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. ఖలీఫా కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఆయన ఖైదీల సంగతి మరచిపోలేదు. వారికి నెలనెలా భత్యం ఇవ్వాలని, చలికి, ఎండకు తగిన బట్టలు ఇవ్వాలని, సంకెళ్లతో వీధుల్లో భిక్షమెత్తుకునే దుస్థితి తప్పించాలని సలహా ఇచ్చారు. గురువు చెరలో పడిన బాధ వృథా పోలేదు. అది శిష్యుని కలం నుంచి వేలమంది ఖైదీల అన్నంగా, వస్త్రంగా మారింది.

మన వంతు

పాఠక సోదర సోదరీమణులారా! ఇప్పుడు పాలకాయతిప్ప పెద్దాయన ప్రశ్నకు మాకు తోచిన జవాబు చెబుతాం. ఆ కుర్రవాడికి బుద్ధి వచ్చిందా, పోయిందా అన్నది జైలు ఒక్కటే నిర్ణయించలేదు. సగం పని జైలు చేసింది. మిగతా సగం ఊరి చేతిలో ఉంది. అతణ్ణి పడవ ఎక్కించుకుంటే చేతికి పని దొరుకుతుంది, నలుగురు కష్టజీవుల సహవాసం దొరుకుతుంది, తిరిగి వచ్చినవాడికి తలుపు తెరిచినట్టవుతుంది. ఎక్కించుకోకపోతే, జైల్లో పరిచయమైనవాళ్లే అతనికి మిగిలిన స్నేహితులవుతారు. అతని మీద ఒక కన్నేసి ఉంచడంలో తప్పు లేదు. అతని చేతిలో దెబ్బతిన్న వారికి క్షమాపణ చెప్పించడం, నష్టం ఇప్పించడం కూడా పెద్దల బాధ్యతే. ఎందుకంటే బాధితుని హక్కు తీరకుండా పశ్చాత్తాపం పూర్తికాదు.

మనలో ఎవరికైనా తెలిసినవారు జామీను లేక లోపల ఉండిపోతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించాలి. పేదలకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా దొరుకుతుంది. బానిసత్వంలో, అప్పుల్లో చిక్కుకున్నవారికి జకాత్‌లో భాగం ఉంది. ఆ సొమ్ముతో ఇలాంటి నిరుపేదలను ఏ మేరకు ఆదుకోవచ్చో మన ప్రాంతపు ఆలిములను అడిగి తెలుసుకోవాలి. ఖైదీ ఇంట్లో పొయ్యి వెలిగిందా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని చూసి రావడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పట్టాభి గారి కోసం బందరు ఎదురుచూసింది. ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక ఇంటి కుర్రవాడు ఏదో ఒక రోజు అలాగే తిరిగి వస్తాడు. అతనికి ఆ రోజు తలుపు తెరిచే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.